చెన్నైలో మా కాలేజీ గోడకి బొమ్మ వేసిన మ్యూరల్ టీమ్: ఖర్చు, పని, గొడవలు, ఇప్పుడు గోడ ఎలా ఉంది

ఈ రివ్యూ ముఖ్యంగా కాలేజీల్లో పనిచేసేవాళ్ళకీ, ఆర్ట్ క్లబ్‌లు నడిపే పిల్లలకీ. క్యాంపస్‌లో పెద్ద గోడ ఖాళీగా ఉంది సార్, దానిమీద బొమ్మ వేయిద్దాం అనుకుంటున్నాం, ఎవర్ని పిలవాలి, ఎంతవుద్ది అని చాలామంది అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఇక్కడ రాసేస్తే అందరికీ పనికొస్తుంది. టీమ్ పేరు మాత్రం రాయట్లేదు, మంచితో పాటు ఇబ్బందులు కూడా ఉన్నవి ఉన్నట్టు చెప్తున్నా కాబట్టి. చెన్నైలో ఇలాంటి టీమ్‌లు ఇప్పుడు బోలెడు, ఎవర్ని పెట్టుకున్నా చూస్కోవాల్సినవి ఇవే.

మాది ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) వైపు ఇంజినీరింగ్ కాలేజీ. పిల్లల్లో మనవాళ్ళు చాలామంది, నెల్లూరు, గూడూరు, తిరుపతి, ఒంగోలు, గుంటూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళు. మెస్‌కీ లైబ్రరీకీ మధ్య ఒక గోడ ఉంది, 40 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు. పొద్దున టిఫిన్‌కి వెళ్ళినా రాత్రి చదువుకుని వచ్చినా అందరూ దాని పక్కనుంచే నడవాలి. పాత ఫెస్ట్ పోస్టర్ల చింపిరి ముక్కలు, గమ్ మరకలు, మూలన ఎర్రగా ఉమ్మిన మచ్చలు, అదీ దాని అవతారం. మూడు టీమ్‌లని పిలిచి మాట్లాడి అందులో ఒకళ్ళని ఖాయం చేసుకున్నాం.

మొదటి మీటింగ్‌లో వాళ్ళు ట్యాబ్‌లో కేటలాగ్ చూపించారు. బల్బు లోపల మెదడు, చుట్టూ గేర్లు, పైకి వెళ్తున్న రాకెట్, పక్కన కలాం గారి మొహం, కింద ఇంగ్లీషులో ఒక కొటేషన్. మా మేనేజ్‌మెంట్ వాళ్ళకి వెంటనే నచ్చేసింది, రేపే మొదలుపెట్టండి అన్నారు. నేను ఒప్పుకోలేదు. కలాం గారంటే నాకూ ప్రాణమే, ఆయన ఏరోనాటికల్ చదివింది కూడా ఇక్కడే క్రోంపేట ఎంఐటీలో (మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ), అది మా పిల్లలకి చెప్తూనే ఉంటా. కానీ అదే బొమ్మ ప్రతి స్కూల్లో, ప్రతి కోచింగ్ సెంటర్లో ఉంది, ఎదురుగా నిలబడి దాన్ని చూసేవాడు ఒక్కడు లేడు. నాలుగేళ్ళు రోజూ ఆ గోడ పక్కన నడిచే పిల్లాడికి అందులో తనది అని చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే దానికన్నా మంచి ఆఫ్‌వైట్ డిస్టెంపర్ కొట్టించుకోవడం చవక.

ఈ టీమ్‌కి నేను పెద్ద మార్కులు వేసేది ఇక్కడే. వాళ్ళ లీడ్ ఆర్టిస్ట్, తమిళబ్బాయి, పూనమల్లి హైరోడ్డులో ఉన్న ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదువుకున్నవాడు, కేటలాగ్ మూసేసి "సార్, డిజైన్ ఇవ్వడానికి ముందు నాకు పిల్లలతో కొన్ని సాయంత్రాలు కూర్చునే టైమ్ ఇప్పించండి, దానికి డబ్బులు అక్కర్లేదు" అన్నాడు. మిగతా రెండు టీమ్‌లు ఈ మాట అనలేదు. మీరు ఎవరితో మాట్లాడినా ముందు ఇదే చూడండి, పిల్లలతో మాట్లాడకుండా డిజైన్ మెయిల్ చేసేవాళ్ళయితే పక్కన పెట్టేయండి.

అతను మెస్ మెట్ల మీద పిల్లలతో కూర్చున్నాడు, వచ్చీరాని తెలుగు, తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడాడు, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చిన్న చిన్న బొమ్మలు గీసేవాడు. ఒక ఆదివారం ఆర్ట్ క్లబ్ పిల్లల్ని మెరీనాకి తీస్కెళ్ళాడు, నేనూ వెళ్ళా. అన్నా స్క్వేర్ దగ్గర, మద్రాస్ యూనివర్సిటీ ఎదురుగా బీచ్ వైపు, నలుగురు కూలీలు పెద్ద బండరాయిని కదిలిస్తున్న విగ్రహం ఉంటుంది కదా, శ్రమ విజయం అని, 1959లో పెట్టారు. మా పిల్లలందరూ ఆ పక్కన బజ్జీలు తిన్నవాళ్ళే, అది ఎవరు చేశారో ఒక్కరికీ తెలీదు. దాన్ని చేసింది దేవీప్రసాద్ రాయ్ చౌధురి, దాదాపు మూడు దశాబ్దాలు ఈ అబ్బాయి చదివిన ఆ కాలేజీకే ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు మొదలుపెట్టిన స్కూలు అది. పిల్లల్ని విగ్రహం చుట్టూ తిప్పి ఆ కూలీల భుజాలు, మెలి తిరిగిన నడుములు, పట్టు కోసం తన్నిపెట్టిన కాళ్ళు అన్నీ దగ్గరగా చూపించి, ఆ తర్వాత చెప్పాడు, దీనికి మోడల్‌గా నిలబడ్డవాళ్ళలో ఒకాయన ఆ కాలేజీలోనే నైట్ వాచ్‌మన్‌గా చేసినాయన అని. ప్రిన్సిపాల్ తన కాలేజీ వాచ్‌మన్‌ని పెట్టి బొమ్మ చేశారు, ఊరంతా ఇప్పటికీ దాన్ని చూస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సెకండియర్ అమ్మాయి ఒకతి అడిగింది, "అట్లయితే మన గోడ మీద మెస్ అన్నలు ఎందుకు ఉండకూడదు సార్?" అని. ఆ ప్రశ్నతోనే మా డిజైన్ పుట్టింది.

గోడ మీద ఇప్పుడు ఏముందో చెప్తా. ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా ఒక రైలు. మొదట్లో అది మన పినాకిని ఎక్స్‌ప్రెస్ ఒక్కటే, కింద పులికాట్ సరస్సు, దాని మీద ఫ్లెమింగోలు, ఎందుకంటే సూళ్ళూరుపేట, తడ పిల్లలు అవి లేకుండా ఒప్పుకోమన్నారు. డిజైన్ నోటీసు బోర్డులో పెట్టగానే తమిళ పిల్లలు గొడవ చేశారు, మేమేమన్నా ఈ కాలేజీలో లేమా అని, మదురై, తిరునల్వేలి పిల్లలు, తర్వాత కేరళ పిల్లలు, బీహార్ నుంచి వచ్చిన నలుగురు కూడా. వాళ్ళు అడిగింది న్యాయమే. రెండు రోజులు గట్టిగానే వాదించుకున్నారు, మా డీన్ గారు భయపడి బొమ్మ వద్దు ఏమీ వద్దు అనేదాకా వచ్చింది. లీడ్ ఆర్టిస్ట్ మాత్రం అస్సలు కంగారు పడలేదు, గోడ గురించి ఇంతమంది కొట్లాడుతున్నారంటే పని సగం అయిపోయినట్టే సార్ అన్నాడు. చివరికి రైలు పేరు తీసేసి ఒక్కో బోగీ ఒక్కో ఊరుకి ఇచ్చాం. ఒక కిటికీలో కోనసీమ కొబ్బరితోట, ఇంకో కిటికీలో మదురై గోపురం, ఇంకోదాంట్లో గంగ ఒడ్డున ఛట్ పూజ. నన్ను అడిగితే పాత డిజైన్ కన్నా ఇదే బాగుంది, ఎందుకంటే మా హాస్టల్ నిజంగా అలాగే ఉంటుంది.

రైలు ముందు, మనిషి ఎత్తులో, ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డట్టు మా క్యాంపస్ మనుషులు. పెనం మీద దోశ తిప్పుతున్న మెస్ అన్న, గేటు దగ్గర రిజిస్టర్ పట్టుకున్న సెక్యూరిటీ తాత, ల్యాబ్‌లో మోటార్ వైండింగ్ చేస్తున్న అమ్మాయి, బస్సు డ్రైవర్, మా బ్లాక్ ఊడ్చే అక్క. ఆ అక్కది గూడూరు దగ్గర పల్లెటూరు. ఫొటో తీసుకుంటాం అని అడిగితే మొదట ఒప్పుకోలా, "నా మొహం గోడ మీద ఏంది సార్, జనం నవ్వరా" అంది. బలవంతం చెయ్యొద్దని చెప్పా. వారం తర్వాత తనే వచ్చి సరే వెయ్యండి అంది, కానీ స్కెచ్ చూసి ఒక షరతు పెట్టింది, ఆ నీలం యూనిఫాం వద్దు, మా అమ్మాయి పెళ్ళికి కట్టుకున్న ఆకుపచ్చ చీర వెయ్యమను అని. ఫోన్లో పెళ్ళి ఫొటో చూపించింది. లీడ్ ఆర్టిస్ట్ ఆ ఫొటోని పెద్దది చేసుకుని అంచు ఎంత వెడల్పు, అందులో పువ్వులు ఎలా ఉన్నాయి అన్నీ నోట్ చేసుకున్నాడు, గోడ మీద ఆ ఎర్రంచు ఒక్కటే రోజంతా కూర్చుని సన్న బ్రష్‌తో వేశాడు. చీపురు కూడా పెట్టలేదు, చేతిలో స్టీలు టిఫిన్ క్యారేజీ ఉంది. పూర్తయ్యాక అక్క దాని పక్కన నిలబడి ఊళ్ళో మనవడికి వీడియో కాల్ చేసి చూపించింది.

ఇక పని సంగతి. గోడ మీద బొమ్మ ఎన్నాళ్ళు నిలుస్తుందనేది ఆర్టిస్ట్ చేతిలో కన్నా గోడ చేతిలో ఎక్కువ ఉంటుంది, ముఖ్యంగా చెన్నైలో, సముద్రం గాలి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వాన, మిగతా నెలల్లో మాడ్చేసే ఎండ. మా గోడ అడుగు భాగంలో చెమ్మ ఉంది, లోపలి ఉప్పు పైకి తేలి తెల్లగా పొడి రాలేది. టీమ్ వాళ్ళు గీకి ప్రైమర్ కొట్టేద్దాం అన్నారు, మా సివిల్ డిపార్ట్‌మెంట్ సార్ ఆపారు. ప్లాస్టిక్ షీట్ ముక్కని నాలుగు వైపులా టేప్‌తో గోడకి అంటించి రాత్రంతా వదిలేయమన్నారు, పొద్దున తీస్తే లోపలి వైపు నీటి బొట్లు. లోపల తడి ఉండగా పైన పెయింట్ వేస్తే బుడగలొచ్చి పెచ్చులూడుద్ది. కారిపోయే పైపు ఒకటి వెనకాల ఉంటే అది బాగుచేయించి, గోడ ఆరనిచ్చి, అప్పుడు పగుళ్ళు పూడ్చి ప్రైమర్, పైన ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ బేస్. ఈ టెస్ట్‌కి పైసా ఖర్చు లేదు, మీరూ చేయించండి, టీమ్ వాళ్ళు టైమ్ లేదన్నా వినొద్దు.

రంగుల విషయంలో లీడ్ సలహా బాగా పనికొచ్చింది. గోడ కుడి సగానికి పడమటి ఎండ సూటిగా కొడుతుంది, మెరిసే ఎరుపులు, పసుపులు కొన్ని ఎండకి త్వరగా వెలిసిపోతాయి, అందుకని ఆ వైపు ఇటుకరంగు, గోధుమరంగు, ఎర్రమట్టి రంగు లాంటి ఐరన్ ఆక్సైడ్ రంగులే ఎక్కువ వాడాడు. బొమ్మ గీతలు రాత్రిపూట ప్రొజెక్టర్ పెట్టి గోడ మీద వేశారు. పదిగంటలకి హాస్టల్ పిల్లలంతా బయటికొచ్చి చూస్తూ నిలబడేవాళ్ళు. తర్వాత నంబర్లు రాసిన గళ్ళు పిల్లలకి ఇచ్చారు, ఆకాశం, నీళ్ళు, రైలు బోగీలు చాలావరకు వాళ్ళ చేతులతో నింపినవే, మొహాలు, చేతులు మాత్రం టీమ్ వాళ్ళే వేశారు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. సెమిస్టర్ ఎగ్జామ్స్ లోపు అయిపోవాలని మాట, మధ్యలో సగం మందిని వేరే సైట్‌కి పంపేశారు, పని చాలా సాగింది. లీడ్ లేని రోజు జూనియర్ కుర్రాడు సెక్యూరిటీ తాత మొహం వేశాడు, ముడతలు తీసేసి, మీసం తిప్పి, ముప్పై ఏళ్ళ హీరోలా చేశాడు, తాత చూసి బాధపడ్డారు. ఫోన్ చేస్తే లీడ్ వచ్చి చెరిపి మళ్ళీ వేశాడు, దానికి డబ్బులు తీసుకోలేదు, అది ఒప్పుకోవాలి. పరంజా మీద హెల్మెట్ లేకుండా, నడుముకి బెల్టు లేకుండా ఎక్కేవాళ్ళు, మేము పని ఆపించి తెప్పించాం, ఈ విషయంలో నాకు నిజంగా కోపం వచ్చింది. పన్నెండడుగుల నుంచి పడ్డా మనిషి మనిషే. చివర్లో మూలన వాళ్ళ లోగో, ఫోన్ నంబర్ ఇంత పెద్దగా వేశారు, రంగులేసిన పిల్లల పేర్లు చీమలంత. అది కూడా మార్పించాం, ఇప్పుడు అన్నీ ఒకే సైజు.

డబ్బుల లెక్క. చదరపు అడుగుకి 250 అన్నారు, మాట్లాడి 220కి ఖాయం చేశాం, 480 చదరపు అడుగులకి 1,05,600. జీఎస్టీ వేరే, గోడ రిపేరు, ప్రైమర్ వేరే. బొమ్మకి రక్షణగా పైన వేసే రంగులేని పూత, క్లియర్ కోట్, కొటేషన్లో లేదు, ఆఖర్లో బిల్లులో వచ్చింది, దానిమీద కాసేపు వాదన జరిగింది. మీరు రాయించుకునే కాగితంలో క్లియర్ కోట్ ఎవరిదో, వానల తర్వాత టచప్ ఎన్నిసార్లు ఉచితమో, మొహాలు ఎవరు వేస్తారో, మధ్యలో మనుషుల్ని మార్చొచ్చా లేదా, ఇవన్నీ ముందే పెట్టించండి. మాకు మొదటి వానాకాలం తర్వాత ఒక టచప్ ఉంది.

బడ్జెట్ మీటింగ్‌లో ఒక పెద్దాయన, ఈ లక్షతో ల్యాబ్‌కి రెండు కంప్యూటర్లు వచ్చేవి కదా అన్నారు. అడగాల్సిన ప్రశ్నే, నా జవాబు ఇక్కడా చెప్తా. శాంతినికేతన్‌లో రాంకింకర్ బైజ్ 1938లో ఒక సంతాల్ గిరిజన కుటుంబం బొమ్మ చేశారు, భార్య, భర్త, పిల్లలు, కుక్క, సామాను మోసుకుంటూ నడిచిపోతున్నట్టు. కంచుతో కాదు, సిమెంటులో అక్కడి ఎర్ర కంకర కలిపి చేశారు. ఆ దారిన రోజూ పనికి వెళ్ళే మనుషులే ఆ బొమ్మలో ఉన్నది, చదువుకునే పిల్లలు నడిచే చోట ఆరుబయట ఉంది, టికెట్ లేదు, గది లేదు. అక్కడ చదివినవాళ్ళు ఎన్నో పాఠాలు మర్చిపోయుంటారు, అది మాత్రం మర్చిపోరు. మెక్సికో నేషనల్ యూనివర్సిటీ లైబ్రరీకి హువాన్ ఓ గోర్మన్ అనే ఆర్కిటెక్ట్ 1950ల్లో నాలుగు గోడలూ మొజాయిక్‌తో కప్పేశారు, దాదాపు 4000 చదరపు మీటర్లు, దేశంలోని రకరకాల ఊళ్ళ నుంచి తెప్పించిన సహజమైన రంగురాళ్ళతో, పెయింట్ కాదు కాబట్టి వెలిసిపోవడం అనే బాధ లేదు. 2007లో ఆ క్యాంపస్ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్ళింది. కంప్యూటర్ కొన్నేళ్ళకి పాతబడి స్టోర్ రూమ్‌లోకి పోతుంది, కొనొద్దని కాదు, రెండూ కావాలి అంటున్నా.

గోడ వచ్చాక ఏం మారింది? పోస్టర్లు అంటించడం ఆగిపోయింది, నోటీసు పెట్టలేదు, ఎవరూ చెప్పలేదు. ఉమ్మడం చాలావరకు పోయింది, పూర్తిగా అని చెప్పను. ఐఐటీ మద్రాసులో ఏనుగుల బొమ్మలున్న గజేంద్ర సర్కిల్‌ని అందరూ జీసీ అంటారు కదా, ఎక్కడ కలుద్దాం అంటే జీసీ దగ్గర, అలాగ మావాళ్ళకి ఇది "రైలు" అయిపోయింది, రైలు కాడ ఉన్నా రా అని ఫోన్లో చెప్పుకుంటున్నారు. ఇంకోటి, నాకు అన్నిటికన్నా నచ్చింది, పిల్లలు మెస్ అన్నల్ని పలకరించడం పెరిగింది. ఆ దోశ వేసేది మీరే కదన్నా అని ఫస్టియర్ కుర్రాళ్ళు అడిగి ఫొటోలు దిగుతున్నారు. అడ్మిషన్లకి వచ్చే తల్లిదండ్రులు మెయిన్ గేటు దగ్గరున్న ఫౌండర్ విగ్రహం కన్నా దీని ముందే ఎక్కువసేపు ఆగుతున్నారు, వాళ్ళ ఊరి బోగీ ఎక్కడుందో వెతుక్కుంటున్నారు.

కానీ ఇందులో సగం క్రెడిట్ బొమ్మది కాదు, అరుగుది. గోడ ముందు పొడవునా రెండడుగుల వెడల్పు సిమెంటు అరుగు కట్టించమని లీడ్ పట్టుబట్టాడు, అది టీమ్ పని కాదు, మా మేస్త్రీతో వేరే చేయించాం. కూర్చునే చోటు లేకపోతే ఎంత మంచి బొమ్మయినా నడిచిపోతూ ఒక చూపు చూసి వదిలేస్తారు అన్నాడు. అరుగు వచ్చాక అక్కడే గ్రూప్ స్టడీ, అక్కడే బర్త్‌డే కేకులు, అక్కడే గొడవలు, రాజీలు. సాయంత్రం షిఫ్ట్ అయిపోయాక హౌస్‌కీపింగ్ వాళ్ళు కూడా బస్సు వచ్చేదాకా అక్కడ కూర్చుంటున్నారు, ఇంతకుముందు వాళ్ళకి జనరేటర్ రూమ్ వెనకాల తప్ప చోటే లేదు. ఎవరైనా నన్ను అడిగితే బొమ్మ సైజు తగ్గించుకోండి గానీ అరుగు, ఒక వేపచెట్టు, ఒక లైటు మాత్రం వదలొద్దు అంటా.

ఇంకా డిజైన్ కింద భాగంలో ఒకటిన్నర అడుగుల పట్టీ ఖాళీగా వదిలారు, పట్టాలు, కంకర ఉండే చోటు. ఏటా వెళ్ళిపోయే బ్యాచ్ దాంట్లో వాళ్ళకి నచ్చింది వేసుకోవచ్చు, తర్వాతి బ్యాచ్ దానిమీద మళ్ళీ వేస్తుంది. మొదటి బ్యాచ్ వాళ్ళ చెప్పుల బొమ్మలు వేశారు, హాస్టల్ గది బయట విప్పినట్టు వరసగా.

మొత్తానికి మార్కులు అడిగితే ఐదుకి నాలుగు. పిల్లలతో కూర్చోవడం, మొహాలు, రంగుల ఎంపిక, తప్పుని ఉచితంగా సరిదిద్దడం, వీటికి పూర్తి మార్కులు. టైమ్, సేఫ్టీ, బిల్లు, వీటికి ఒకటి కోత. మళ్ళీ పిలుస్తారా అంటే పిలుస్తాం, కానీ లీడ్ ఆర్టిస్ట్ రోజూ సైట్‌లో ఉండాలని రాయించుకుని.

ఓఎంఆర్ మీదే కణ్ణగి నగర్ ఉంది, 2020 ప్రాంతం నుంచి అక్కడ అపార్ట్‌మెంట్ గోడల మీద పెద్ద పెద్ద మ్యూరల్స్ వేశారు, వేయించుకునేముందు మీ పిల్లల్ని తీస్కెళ్ళి చూపించండి, ఎండకి, వానకి ఏ గోడ ఎలా ఉందో దగ్గర నుంచి చూస్తే కొటేషన్ మాట్లాడేటప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. మేము ఇప్పుడు అమ్మాయిల హాస్టల్ గోడకి పగిలిన టైల్ ముక్కలతో మొజాయిక్ చేయించాలని చూస్తున్నాం, పెయింట్ కన్నా రేటు ఎక్కువ చెప్తున్నారు, ముక్కలు మేమే సేకరిస్తే ఎంత తగ్గుద్దో కనుక్కుంటున్నా. డిసెంబర్ వానలు అయ్యాక రైలు రంగులు ఎలా నిలిచాయో, టచప్‌కి చెప్పిన టైమ్‌కి వచ్చారో లేదో ఇక్కడే అప్‌డేట్ పెడతా.